ఆఫీసు డ్రెస్సు, స్కర్టు: ట్యాగ్ మీది ధర ఒకటి, వాడకంలో పడే ధర ఇంకొకటి

2025 సెప్టెంబరు 22న బట్టల మీద జీఎస్టీ మారింది. అప్పటి నుంచి చాలామందికి ఒకటే సందేహం: ఆఫీసుకు వేసుకెళ్లే బట్టలు చవకయ్యాయా, ఖరీదయ్యాయా? రెండూ జరిగాయి. ఏ ధర దగ్గర కొంటున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. దానికి తోడు ఏడాది పొడుగునా సేల్‌లు, 'కాటన్ ఫీల్', 'ఆఫీస్ వేర్', 'ప్రీమియం క్రేప్' లాంటి పేర్లు. కొత్తగా ఉద్యోగంలో చేరే అమ్మాయికి మొదటి జీతంలో నాలుగైదు వేలు బట్టలకు పక్కన పెట్టడమే కష్టం. ఆ డబ్బు రెండు ఉతుకులకే వెలిసిపోతే బాధగా ఉంటుంది. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి విడదీసి చూద్దాం.

ఒక్క స్పష్టత ముందే. మన ఇళ్లలో డ్రెస్ అంటే చుడీదార్ సెట్. ఇక్కడ మాత్రం భుజం నుంచి మోకాళ్ల దాకానో పిక్కల దాకానో ఒకే ముక్కగా ఉండేదాన్నే డ్రెస్ అంటున్నాను. స్కర్ట్ అంటే నడుము నుంచి కిందికి ఉండేది, పైన టాపో కుర్తీయో విడిగా వేసుకునేది.

పన్ను లెక్క: 2,500 దగ్గర గీత

పాత పద్ధతిలో ఒక్కో దుస్తు అమ్మకపు ధర 1,000 రూపాయలు దాటకపోతే 5 శాతం, దాటితే 12 శాతం పన్ను ఉండేది. సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం ఆ గీతను 2,500కి జరిపింది. అక్కడి వరకు 5 శాతం, దాటితే 18 శాతం. ఈ 2,500 అనేది పన్ను కలపకముందు ధర.

పన్ను లేకుండా 1,800 పలికే షర్ట్ డ్రెస్ (చొక్కాలా ముందు గుండీలుండే డ్రెస్) తీసుకుందాం. అప్పట్లో 12 శాతంతో 2,016 అయ్యేది, ఇప్పుడు 5 శాతంతో 1,890. అంటే 126 రూపాయలు తగ్గింది. అదే 2,800 పలికే లైనింగ్ ఉన్న ఫార్మల్ డ్రెస్ అయితే అప్పుడు 3,136, ఇప్పుడు 3,304. 168 పెరిగింది. గీత పక్కనే ఒక వింత కనిపిస్తుంది. సరిగ్గా 2,500 ధర ఉన్నది పన్నుతో 2,625కి వస్తే, ఒక్క రూపాయి ఎక్కువున్నది 2,951 అవుతుంది. అందుకే కంపెనీలు చాలా మోడళ్లను 2,625కి లోపలే ఉంచాలని చూస్తాయి. ఆఫీసు దుస్తుల్లో ఎక్కువ భాగం ఈ గీతకు కిందే దొరుకుతుంది కాబట్టి, వెయ్యికీ రెండున్నర వేలకీ మధ్య కొనేవాళ్లకు ఈ మార్పు మంచిదే చేసింది.

డిస్కౌంట్ ఉన్నప్పుడు లెక్క ఎలా? పన్నును నిర్ణయించేది బిల్లులో పడే అమ్మకపు ధర, ట్యాగ్ మీది ఎమ్మార్పీ కాదు. 3,499 ఎమ్మార్పీ ఉన్న డ్రెస్‌ని 40 శాతం తగ్గింపుతో 2,099కి ఇస్తే దాని మీద 5 శాతమే. ఇక కుట్టించుకునే గుడ్డకు ఈ 2,500 గీతే లేదు. మీటరు ధర ఎంతైనా 5 శాతమే. కుట్టించుకునేవాళ్ల లెక్కలో ఇది తర్వాత పనికొస్తుంది.

'చవక' అంటే ఏ లెక్కన?

బట్టల గురించి రాసేవాళ్లు తరచూ చెప్పే సూత్రం ఒకటుంది: కొన్న ధరను ఎన్నిసార్లు వేసుకున్నామో దానితో భాగించాలి. ఒక్కోసారి వేసుకోవడానికి ఎంత పడిందో తెలుస్తుంది. మూడు డ్రెస్సులు తీసుకుని, అంకెలు మనమే అనుకుని వేసి చూద్దాం.

మొదటిది 699 పెట్టి కొన్న పలచని డ్రెస్. లైనింగ్ లేదు, చంక దగ్గర కుట్టు ఊడింది, ఎనిమిదిసార్లు వేసుకుని పక్కన పడేశారు. ఒక్కోసారికి 87 రూపాయలు. రెండోది 1,899 కాటన్ డ్రెస్, రెండేళ్లలో 45 సార్లు వేసుకున్నారు. 42 రూపాయలు. దీనికి ప్రతిసారీ ఇస్త్రీ కావాలి. బయట ఇస్త్రీకి 15 చొప్పున కలిపితే 57 అవుతుంది. మూడోది 2,200 పెట్టిన డ్రెస్, చాలా అందంగా ఉంది, కానీ లోపలి లేబుల్ మీద 'డ్రై క్లీన్ మాత్రమే' అని ఉంది. మూడుసార్లు వేసుకున్నాక ఒకసారి 250 ఇచ్చి వేయించారనుకుంటే, 30 సార్లకు క్లీనింగ్ ఖర్చే 2,500. మొత్తం 4,700. ఒక్కోసారికి 157 రూపాయలు. మూడింటిలో అన్నిటికన్నా ఖరీదైనది ఇదే. కొన్నరోజున ఈ సంగతి ఎవరికీ కనిపించదు.

ఈ సూత్రాన్ని ఒప్పుకోనివాళ్ల వాదనలో కూడా బలముంది. చేతిలో 1,500 మాత్రమే ఉన్న మనిషికి 'రెండేళ్లలో కలిసొస్తుంది' అన్న మాట అక్కరకు రాదు. ఆమెకు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులు గడవాలి. పైగా 45 సార్లు వేసుకుంటామని కొనేరోజు ఎవరు చెప్పగలరు? బరువు మారుతుంది, పెళ్లవుతుంది, బిడ్డ పుడుతుంది, ఉద్యోగం మారి కొత్త ఆఫీసులో యూనిఫాం ఉండొచ్చు. ఇంకో మాట: ధర ఎక్కువైతే మన్నిక ఎక్కువని ఎక్కడా హామీ లేదు. మాల్‌లో షాపు అద్దె, ప్రకటనలు, బ్రాండ్ పేరు, ఇవన్నీ ట్యాగ్ మీది ధరలో కలిసి ఉంటాయి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో కోఠిలోనో 700కి దొరికే మంచి స్కర్ట్ ఉంటుంది, మాల్‌లో 2,000 పెట్టినా చీకిపోయేదీ ఉంటుంది.

నా ఉద్దేశంలో ఈ సూత్రాన్ని ధరల మధ్య పోటీకి వాడటం కన్నా, ఒక డ్రెస్ ఎందుకు తక్కువసార్లు వేసుకుంటామో కనుక్కోవడానికి వాడితే ఉపయోగం. బీరువాలో పడి ఉన్న డ్రెస్సులను చూస్తే కారణాలు దాదాపు ఒకేలా ఉంటాయి. చెమట పడుతుంది, కూర్చుంటే పైకి జరుగుతుంది, ఇస్త్రీకి ఓపిక లేదు, జోడీగా వేసుకునేది ఏదీ లేదు, లోపల పెట్టీకోట్ లేకపోతే కుదరదు. వీటిలో ఏదీ ట్యాగ్ మీద రాయరు.

గుడ్డ పేరు వేరు, దారం పేరు వేరు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. క్రేప్, జార్జెట్, శాటిన్, ట్విల్, పాప్లిన్, ఇవన్నీ నేతను బట్టి, దారం మెలికను బట్టి వచ్చిన పేర్లు. దారం దేనితో చేశారో ఇవి చెప్పవు. పట్టుతో జార్జెట్ నేయొచ్చు, పాలియెస్టర్‌తోనూ నేయొచ్చు. ఆఫీసు డ్రెస్సుల్లో 'క్రేప్' అని ఉంటే అది చాలావరకు పాలియెస్టరే. కాటన్, లినెన్, విస్కోస్, పాలియెస్టర్, సాగే గుణమున్న ఎలాస్టేన్, ఇవి దారం పేర్లు. పక్క కుట్టు లోపల ఉండే చిన్న తెల్ల లేబుల్ మీద శాతాలతో కనిపించేవి ఇవే. 'కాటన్ ఫీల్' అంటే తాకితే కాటన్‌లా ఉంటుందని, కాటన్ అని కాదు. 'కాటన్ బ్లెండ్' అంటే కాటన్ ఎంతైనా ఉండొచ్చు, పది శాతమైనా సరే. శాతం చూడనిదే ఏమీ తెలియదు.

దారం తేడా ఒంటికి తెలిసేది చెమట పట్టినప్పుడు. మామూలు గాలి తేమలో 100 గ్రాముల కాటన్ దాదాపు 8 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. విస్కోస్ 12 గ్రాముల దాకా పట్టుకుంటుంది. పాలియెస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. మే నెలలో విజయవాడ బస్సులో పాలియెస్టర్ డ్రెస్ వీపుకి అతుక్కుపోయేది ఇందుకే. చెమట వాసన కూడా పాలియెస్టర్‌లో ఎక్కువసేపు నిలుస్తుంది.

అలాగని పాలియెస్టర్‌ని చెడ్డదని కొట్టిపారేస్తే అది అన్యాయం. రాత్రి ఉతికి ఫ్యాన్ కింద ఆరేస్తే పొద్దుటికి ఆరిపోతుంది, ఇస్త్రీ అడగదు, రంగు నిలుస్తుంది. హాస్టల్‌లో ఉండి, బకెట్‌లో ఉతుక్కునే అమ్మాయికి ఇవి చిన్న సదుపాయాలు కావు. ప్లీటెడ్ స్కర్ట్ విషయంలోనైతే పాలియెస్టర్‌కి పోటీయే లేదు. వేడికి మెత్తబడి, చల్లారాక ఆ ఆకారంలోనే ఉండిపోయే గుణం దాని దారంలో ఉంది. సన్నని మడతలు వేసి వేడి పెడితే ఎన్ని ఉతుకులైనా చెదరవు. అదే నూటికి నూరు పాళ్లు కాటన్‌తో చేస్తే ఉతికిన ప్రతిసారీ ఒక్కో మడతా మళ్లీ ఇస్త్రీ చేసుకోవాలి. రోజంతా ఏసీలో కూర్చుని, కంపెనీ క్యాబ్‌లో ఇంటికొచ్చే మనిషికి పాలియెస్టర్ ప్లీటెడ్ స్కర్ట్ చక్కటి ఎంపిక. ఎండలో ఫీల్డ్‌కి తిరిగే మెడికల్ రెప్‌కి అదే స్కర్ట్ నరకం.

విస్కోస్‌ని మన షాపుల్లో రేయాన్ అంటారు. చెక్క గుజ్జు నుంచి తీసే దారం ఇది. దేశంలో దీన్ని పెద్ద ఎత్తున చేసే గ్రాసిమ్ కంపెనీ వాళ్ల 'లివా' ట్యాగ్ చాలా కుర్తీలకు, డ్రెస్సులకు వేలాడుతూ కనిపిస్తుంది. మెత్తగా ఉంటుంది, ఒంటి మీద చక్కగా జారుతుంది, ధర తక్కువ. చిక్కల్లా తడిసినప్పుడే. తడి విస్కోస్ బలం బాగా తగ్గిపోతుంది. ఆదివారం ఉతికి, పిండకుండా, నడుము పట్టీకి రెండు క్లిప్పులు పెట్టి తీగ మీద వేలాడదీసిన రేయాన్ స్కర్ట్‌ని గమనించండి. నీళ్ల బరువంతా కింది అంచుకు దిగి, గుడ్డ సాగి, క్లిప్పులున్న చోట రెండు కొమ్ముల్లా లేచి, మధ్యలో వంగిపోయి ఉంటుంది. ఆరాక సాగినచోట సాగినట్టే, ముడుచుకున్నచోట ముడుచుకున్నట్టే ఉండి అంచు వంకర తేలుతుంది. కర్రకో వెడల్పాటి దండేనికో సగానికి మడిచి ఆరేస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు. గట్టిగా మెలితిప్పి పిండడం కూడా దీనికి పడదు.

ఈ రెండింటి మధ్యలో మిశ్రమాలున్నాయి. పాలియెస్టర్, విస్కోస్, కొంచెం ఎలాస్టేన్ కలిపి అల్లే పాంటే నిట్ అనే మందపాటి సాగే గుడ్డతో పెన్సిల్ స్కర్టులు (తుంటి నుంచి కిందిదాకా బిగుతుగా, తిన్నగా ఉండేవి), ఒంటికి పట్టి ఉండే షీత్ డ్రెస్సులు వస్తాయి. నలగదు, ఒంటికి పట్టి ఉంటుంది, జిప్పు లేకుండా ఎలాస్టిక్‌తో సరిపోతుంది. కొన్నాళ్లకు కూర్చునే చోట సాగి ఉబ్బడం, రాపిడికి చిన్న చిన్న ఉండలు కట్టడం దీని లోపాలు. పాలియెస్టర్ కాటన్ మిశ్రమమైతే మన పెద్దవాళ్లకు టెర్రీకాటన్ పేరుతో బాగా తెలుసు. ఇస్త్రీ బాధ తగ్గుతుంది, గాలి కొంత తగ్గుతుంది. లినెన్ ఎండాకాలానికి రాజులాంటిది, కానీ ధర ఎక్కువ, కూర్చుని లేచేసరికి ఒళ్లో మడతలు పడతాయి. ఆ మడతలే అందమని కొన్ని ఆఫీసుల్లో అంటారు, ఇంకొన్నిచోట్ల ఇస్త్రీ లేకుండా వచ్చారనుకుంటారు.

షాపులో గుడ్డని అంచనా వేయడానికి చదువు అక్కర్లేదు. డ్రెస్ అంచుని పిడికిట్లో బిగించి పది లెక్కపెట్టి వదిలితే ఎంత నలుగుతుందో తెలుస్తుంది. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే లోపలి చెయ్యి కనబడుతుందో లేదో చూడొచ్చు. కనబడితే లైనింగ్, పాతవాళ్ల మాటలో అస్తరు, ఉండాల్సిందే. పక్క కుట్టుని రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ నెమ్మదిగా లాగితే దారాల మధ్య సందులు తెరుచుకుంటున్నాయా అన్నది బయటపడుతుంది. పలచని శాటిన్‌లలో ఇది తరచూ జరుగుతుంది. వంగినప్పుడు, కూర్చున్నప్పుడు చిరిగేది సరిగ్గా అక్కడే.

కూర్చున్నప్పుడు, బండెక్కినప్పుడు

ట్రయల్ రూమ్ అద్దంలో మనం నిలబడి చూసుకుంటాం. ఆఫీసులో ఎక్కువసేపు కూర్చునే ఉంటాం. మోకాలి దాకా ఉండే స్కర్ట్ కూర్చోగానే రెండు మూడు అంగుళాలు పైకి జరుగుతుంది, బిగుతుగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. స్టేజీ మీదో, ముందు మూసి ఉండని టేబుల్ దగ్గరో కూర్చోవాల్సి వస్తే ఆ రెండంగుళాలే రోజంతా టెన్షన్ పెడతాయి. మోకాలికీ పిక్కకీ మధ్య ఆగే మిడి పొడవు మన దగ్గర ఆఫీసుల్లో ఎక్కువ చెల్లుబాటు కావడానికి ఇది పెద్ద కారణం.

రాకపోకల సంగతి ఇంకా ముఖ్యం. ఇద్దరిని ఊహించుకుందాం. ఒకామె ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతుంది. మెట్లు, నిలబడి ప్రయాణం, తర్వాత షేర్ ఆటో. ఆమెకు పెన్సిల్ స్కర్ట్‌తో ఇబ్బంది ఆటో ఎక్కేటప్పుడే వస్తుంది. వెనక స్లిట్ ఉన్నా అడుగు పెద్దగా పడదు. నడుము దగ్గర సరిపడా ఉండి కిందికి వెడల్పయ్యే ఏ-లైన్ స్కర్టో, షర్ట్ డ్రెస్సో ఆమె రోజుకి సరిపోతుంది. రెండో ఆమె గుంటూరులో స్కూటీ మీద ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్తుంది. ఘేరు ఎక్కువున్న మిడి గాలికి లేస్తుంది. లోపల సైక్లింగ్ షార్ట్స్ గానీ లెగ్గింగ్స్ గానీ లేకపోతే ఒక చెయ్యి బట్ట మీదే ఉంటుంది. హ్యాండిల్ మీద ఉండాల్సిన చెయ్యి అది. పాదాల దాకా ఉండే మ్యాక్సీలతో బండి వెనక కూర్చుంటే ప్రమాదం ఇంకా పెద్దది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా, చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. శారీ గార్డ్ వచ్చింది ఇందుకే. స్టైల్ కోసమని దాన్ని తీయించేసిన బండి మీద పొడుగు స్కర్ట్‌తో కూర్చోవద్దని ఇంట్లోవాళ్లు అంటే, ఆ మాట వినదగ్గదే.

ఒకే స్కర్ట్ మొదటామెకు వారానికి రెండుసార్లు పనికొచ్చి, రెండో ఆమెకు నెలకోసారి కూడా పనికిరాకపోవచ్చు. 'అందరికీ సరిపోయే ఆఫీస్ డ్రెస్' అన్న జాబితాలు మన ఊళ్లలో ఎందుకు కుదరవో ఇక్కడే తెలుస్తుంది.

ఆఫీసు అసలు ఏం అడుగుతుంది?

కంపెనీల హెచ్ఆర్ పాలసీల్లో మూడు మాటలు తిరుగుతుంటాయి. బిజినెస్ ఫార్మల్ అంటే బ్లేజర్, ముదురు రంగులు, కట్టుదిట్టమైన ఆకారం. బిజినెస్ క్యాజువల్ అంటే బ్లేజర్ లేకపోయినా నీటుగా ఉండటం: షర్ట్ డ్రెస్, ఏ-లైన్ స్కర్ట్ మీద లోపలికి దోపిన టాప్, కుర్తీ. స్మార్ట్ క్యాజువల్‌లో జీన్స్ కూడా కలుస్తుంది. కాగితం మీద ఇవి తేలిక. ఆచరణలో మాత్రం ఒకే కంపెనీలో క్లయింట్లను కలిసే టీమ్ ఒకలా, కోడ్ రాసే టీమ్ ఇంకోలా వస్తారు.

స్కర్ట్ మన దగ్గర ఫార్మల్ దుస్తేనా అన్న ప్రశ్నకు చట్టంలోనే ఒక ఆసక్తికరమైన జవాబుంది. 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద బార్ కౌన్సిల్ చేసిన నిబంధనల్లో మహిళా న్యాయవాదులకు చీర, చుడీదార్‌లతో పాటు పొడుగు స్కర్ట్‌కీ చోటిచ్చారు. తెలుపు, నలుపు లేదా కళ్లకు కొట్టని లేత రంగు కావాలి, ప్రింటూ డిజైనూ ఉండకూడదు. కోర్టు హాలు ఒప్పుకున్నదాన్ని 'ఆఫీసుకు తగదు' అనడానికి పెద్దగా ఆధారం లేదు.

అయినా పక్క సీటువాళ్ల చూపు, ఇంట్లో అత్తగారి మాట, ఊరి అలవాటు, ఇవి రూల్‌బుక్‌లో లేకపోయినా ఉన్నాయి. కొందరు వీటిని లెక్కచేయకూడదంటారు, ఎవరి ఒంటి మీద ఏముండాలో వాళ్లిష్టమని. ఆ మాట న్యాయమైనదే. ఇంకొందరు పని సాఫీగా సాగాలంటే చుట్టూ ఉన్నవాళ్లు వేసుకునేదానికి దగ్గరగా ఉండటమే తెలివంటారు, ముఖ్యంగా చేరిన మొదటి నెలల్లో. చిన్న ఊళ్లో ఒంటరిగా ఉద్యోగం చేసుకునే అమ్మాయి ఆ రెండో దారి పడితే ఆమెను పిరికిదనుకోవడం తప్పు. రోజూ ఆ చూపులు ఎదుర్కోవాల్సింది ఆమే.

లెక్కలో 15 జతలు, బీరువాలో 11

బహుళ ప్రయోజనం అన్న మాటకి దుకాణాలు చెప్పే లెక్క ఇలా ఉంటుంది: మూడు స్కర్టులు, ఐదు టాప్‌లు కొంటే పదిహేను జతలు. గుణకారం సరైనదే. కానీ ఆ మూడు స్కర్టుల్లో రెండు ప్రింటువి, ఐదు టాప్‌లలో రెండు ప్రింటువి అనుకోండి. ప్రింటు మీద ప్రింటు వేసుకోనివాళ్లకు నాలుగు జతలు ఎగిరిపోతాయి. మిగిలేవి పదకొండు. రంగులు కలవనివి తీసేస్తే ఇంకా తగ్గుతాయి. స్కర్ట్ ప్లెయిన్‌గా ఉండి టాప్ మారుతూ ఉంటే జతలు ఎక్కువ. చూసేవాళ్లకు స్కర్ట్ రిపీట్ అయిందని కూడా పట్టదు, ఎందుకంటే మనిషి ముఖానికి దగ్గరగా ఉన్నదే గుర్తుంటుంది. డ్రెస్ ఇక్కడే కొంచెం వెనకబడుతుంది. ఒకే ముక్క కాబట్టి రెండోసారి వేస్తే తెలిసిపోతుంది. దాని బలం ఇంకోచోట ఉంది: పొద్దున ఏడు గంటలకు దేనికి ఏది జోడీ అని వెతుక్కోనక్కర్లేదు.

మన ఆడవాళ్లు డ్రెస్‌ని బహుళ ప్రయోజనంగా మార్చుకునే తీరు విదేశీ క్యాటలాగుల్లో కనిపించదు. ముందు గుండీలున్న షర్ట్ డ్రెస్ కింద లెగ్గింగ్స్ వేస్తే అది కుర్తీ అయిపోతుంది, సాయంత్రం అలాగే గుడికి వెళ్లొచ్చు. గుండీలన్నీ విప్పి టాప్ మీద వేస్తే పొడుగు ష్రగ్. పాదాల దాకా ఉండే ప్లెయిన్ కాటన్ స్కర్ట్ సోమవారం ఫార్మల్ షర్ట్‌తో ఆఫీసుకూ, వరలక్ష్మీ వ్రతం నాడు పొట్టి కుర్తీ, చున్నీతో పేరంటానికీ పనికొస్తుంది. లంగా ఓణీలు, పరికిణీలు వేసుకుని పెరిగినవాళ్లకు స్కర్ట్ కొత్త వస్తువేమీ కాదు.

రంగుల గురించి అందరూ చెప్పే సలహా నలుపు, నేవీ బ్లూ, బూడిద, బీజ్ కొనమని. నేవీ బ్లూతో పేచీ లేదు. నలుపుతో మాత్రం మన ఇళ్లలో ఒక చిక్కుంది. పండగ రోజు, శుభకార్యం రోజు నలుపు వద్దనే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆఫీసు నుంచి నేరుగా ఫంక్షన్‌కి వెళ్లాల్సిన రోజున నల్ల డ్రెస్ పనికిరాదు. బాటిల్ గ్రీన్, మెరూన్, ముదురు ఆవపిండి రంగు అయితే రెండుచోట్లా నడుస్తాయి, మురికి కూడా తొందరగా కనబడదు. మన ఒంటి రంగులకు బీజ్ కన్నా ఇవే ఎక్కువ నప్పుతాయని నా అభిప్రాయం.

రెడీమేడ్ ఒకవైపు, మాస్టర్ ఇంకోవైపు

మంగళగిరి కాటన్‌తో ఒక ఏ-లైన్ డ్రెస్ కుట్టిస్తున్నామనుకుందాం. గుడ్డ మీటరు 280 చొప్పున రెండున్నర మీటర్లకు 700, లైనింగ్ రెండు మీటర్లకు 140, కుట్టు కూలి 600, జిప్పు, ఇతర సామాను 30. మొత్తం 1,470. పక్క షాపులో అలాంటి రెడీమేడ్ డ్రెస్ 1,299కి ఉందనుకుంటే 171 ఎక్కువ పడింది. ఆ 171కి ఏమొచ్చింది? మన పొడవు, మనకు కావలసిన చోట జేబు, చేతుల పొడవు, అన్నిటికన్నా ముఖ్యంగా లోపల వదిలిన గుడ్డ. రెడీమేడ్ డ్రెస్ బిగుతై విప్పించడానికి తీసుకెళ్తే టైలర్ తిరగేసి చూసి "లోపల క్లాత్ వదల్లేదమ్మా, విప్పినా అర అంగుళం రాదు" అంటాడు. పక్క కుట్టులో అంగుళం చొప్పున వదిలించుకున్న డ్రెస్ రెండుసార్లు ఒళ్లు మారినా తట్టుకుంటుంది.

కుట్టించడానికి ఎదురు వాదన కూడా ఉంది. బ్లౌజులు బ్రహ్మాండంగా కుట్టే మాస్టర్లందరికీ పెన్సిల్ స్కర్ట్ డాట్లు (ఒంటి వంపుకు తగ్గట్టు నడుము దగ్గర వేసే మడత కుట్లు) కుదరవు. పెళ్లిళ్ల సీజన్‌లో ఇచ్చిన గుడ్డ ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. కుదరకపోతే వెనక్కి ఇచ్చే వీలు లేదు. చేనేత గుడ్డతో ఇంకో మెలిక: మంగళగిరి జరీ అంచు తిన్నగా ఉంటుంది, ఏ-లైన్ స్కర్ట్ కింది అంచు వంపుగా ఉంటుంది. తిన్నటి అంచు ఆ వంపు మీద తిరగదు. అంచు కనబడాలంటే కుచ్చిళ్ల స్కర్టో తిన్నటి స్కర్టో కుట్టించాలి. పోచంపల్లి ఇక్కత్‌లో పక్క కుట్టు దగ్గర డిజైన్ కలవాలంటే గుడ్డ ఎక్కువ పడుతుంది, ముందే మాస్టర్‌ని అడిగి కొనడం మేలు. పెడన కలంకారీ స్కర్టులకు బాగుంటుంది, ప్లెయిన్ టాప్‌లతో తేలిగ్గా కలుస్తుంది. వీటిని మొదటి ఉతుకులు విడిగా, చల్లటి నీళ్లలోనే వేయాలి.

సైజు చార్టుల్లో రెండు రకాల కొలతలు

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చార్ట్‌లో 36 అని ఉంటే అది మన ఒంటి కొలతా, కుట్టిన డ్రెస్ కొలతా అన్నది చూడాలి. సాగని గుడ్డతో కుట్టిన డ్రెస్‌కి ఛాతీ దగ్గర ఒంటికన్నా రెండు నుంచి నాలుగు అంగుళాల వదులు కావాలి. ఒళ్లు 36 ఉండి డ్రెస్ కూడా 36 అయితే చెయ్యి పైకెత్తలేం. ఇంతవరకు చాలా బ్రాండ్లు విదేశీ చార్టులను కొద్దిగా మార్చి వాడుకుంటూ వచ్చాయి. భారతీయుల ఒంటి తీరుకు సొంత చార్ట్ ఉండాలని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ 'ఇండియాసైజ్' సర్వే చేపట్టింది. హైదరాబాద్‌తో కలిపి ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు పాతిక వేల మంది కొలతలను 3డి స్కానర్లతో తీయడం దాని లక్ష్యం. అది దుకాణాల దాకా పూర్తిగా చేరేవరకు టేపు మనమే పట్టుకోవాలి.

నడుము 30, తుంటి 40 ఉన్నవాళ్ల సంగతి చూడండి. చార్ట్‌లో మీడియం స్కర్ట్‌కి నడుము 30, తుంటి 38 ఉంటుంది. నడుము చూసి మీడియం కొంటే పెన్సిల్ స్కర్ట్ తుంటి దగ్గర పట్టేసి పైకి జరుగుతుంది. లార్జ్ తీసుకుని నడుము తగ్గించుకోవాలి. తగ్గించడం ఏ టైలరైనా చేస్తాడు, పెంచడానికి లోపల గుడ్డ ఉండదు. అదే ఘేరున్న ఏ-లైన్ అయితే తుంటి దగ్గర ఎలాగూ వదులే కాబట్టి నడుము చూసి మీడియం కొన్నా సరిపోతుంది.

వెనక్కి పంపే గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ గడువులో ట్యాగ్ తీయకుండా ఇంట్లో వేసుకుని, కుర్చీలో కూర్చుని, బండి మీద ఎక్కి దిగి చూడటం వల్ల పొడవు, బిగుతు తెలుస్తాయి. ముడుచుకుపోవడం, రంగు దిగడం మాత్రం ఉతికితేగానీ బయటపడవు, ఉతికినదాన్ని వెనక్కి తీసుకోరు. కాబట్టి కాటన్‌లో, విస్కోస్‌లో రెండు పొడవుల మధ్య ఏది అన్న సందేహం వస్తే అంగుళం ఎక్కువున్నదే తీసుకుని, రెండు ఉతుకులయ్యాక కింది మడత వేయించుకునేవాళ్లే ఎక్కువకాలం వాడుకోగలుగుతున్నారు.